ఒకే పేరు, వేరు వేరు మనుషులు: స్కాట్లాండ్ మూలాల ప్రముఖులను పొరపడకుండా విడదీసే పద్ధతి

మద్రాసు సైన్యంలో అధికారి, నిజాం రాజ్యంలో పనిచేశాడు, పేరు కాలిన్ మెకంజీ. ఇంతవరకే రాస్తే ఆ వాక్యం ఇద్దరికి సరిపోతుంది. మొదటాయన లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో 1754 ప్రాంతంలో పుట్టాడు. నిజాం సీమలో, మైసూరులో కొలతలు తీశాడు, కైఫియత్తులు (ఊళ్ల చరిత్ర చెప్పే స్థానిక రాతలు) సేకరింపజేశాడు, 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యాడు, 1821 మే 8న కన్నుమూశాడు. రెండో ఆయన 1806లో లండన్‌లో పుట్టాడు. 1825లో మద్రాసు సైన్యంలో చేరాడు, కాబూల్‌లో 1842లో బందీగా ఉన్నాడు, 1855లో బొల్లారంలో హైదరాబాదు కంటింజెంట్ గుర్రపు దళం తిరగబడినప్పుడు తీవ్రంగా గాయపడ్డాడు, 1881లో మరణించాడు.

స్థానిక చరిత్ర రాసేవాళ్లకు, వికీపీడియాలో అయోమయ నివృత్తి పేజీలు (ఒకే పేరున్నవాళ్లను విడదీసి చూపే జాబితాలు) తయారుచేసేవాళ్లకు, పాత రికార్డులు చదివేవాళ్లకు ఇలాంటి చిక్కు తరచుగా ఎదురవుతుంది. సాధారణంగా జరిగే తప్పు ఒకటే. ఆ పేరున్నవాళ్లలో అందరికీ తెలిసిన మనిషి మిగతావాళ్ల పనులన్నీ తన ఖాతాలో వేసుకుంటాడు. కింది పద్ధతి ముఖ్యంగా దాన్ని ఆపడానికి.

ఇన్ని పేర్లు ఎందుకు కలుస్తాయి

స్కాట్లాండ్‌లో పేరు పెట్టడానికి పాత వరస ఒకటుంది. మొదటి కొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండో కొడుక్కి అమ్మ తండ్రి పేరు, మూడో కొడుక్కి నాన్న పేరు. మొదటి కూతురికి అమ్మమ్మ పేరు, రెండో కూతురికి నానమ్మ పేరు, మూడో కూతురికి అమ్మ పేరు. తాత పేరు మనవడికి పెట్టే మనకు ఇది కొత్తేమీ కాదు. ఫలితం లెక్కవేసి చూడండి: నలుగురు అన్నదమ్ములు ఈ వరస పాటిస్తే నలుగురి పెద్ద కొడుకులకూ ఒకే తాత పేరు వస్తుంది. ఒకే ఊళ్లో, దాదాపు ఒకే వయసులో, ఒకే ఇంటిపేరుతో నలుగురు అలెగ్జాండర్ మెకంజీలు. దీనికి తోడు పసిబిడ్డ చనిపోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు మళ్లీ పెట్టేవారు. అందుకే బాప్టిజం నమోదు దొరికినంత మాత్రాన ఆ బిడ్డే పెరిగి పెద్దవాడయ్యాడని తేల్చకూడదు. అదే తల్లిదండ్రులకు తర్వాతి పదేళ్లలో అదే పేరుతో ఇంకో నమోదు ఉందేమో చూడాలి.

ఈ వరసను ఎక్కడ వెతకాలో చెప్పే ఆనవాలుగా వాడండి, రుజువుగా కాదు. చాలా కుటుంబాలు దాన్ని తప్పాయి.

మొదటి అడుగు: ఆధారంలో ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం

కాగితం మీద గానీ స్ప్రెడ్‌షీట్‌లో గానీ ఏడు గడులు పెట్టుకోండి: పేరు, హోదా, స్థలం, తేదీ, ఉద్యోగం, బంధువు, ఆధారం ఎక్కడిది. ఆధారంలో "కర్నల్ మెకంజీ" అని ఉంటే పేరు గడిలో అంతే రాయాలి. "కాలిన్" మీరు చేర్చకూడదు. అది మీ ఊహ. ఆ ఊహ ఒకసారి గడిలోకి ఎక్కితే నెల తర్వాత మీకే అది ఆధారంలా కనిపిస్తుంది.

తెలుగులో రాసేవాళ్లకు అదనపు జాగ్రత్త ఒకటుంది. ఇంగ్లీషులో మూడు రకాలుగా రాసే ఇంటిపేర్లు మన లిపిలో ఒక్క "మన్రో"గా మారిపోతాయి. మద్రాసు గవర్నరు, ఎడింబరో వైద్యులు, అమెరికా అయిదో అధ్యక్షుడు ముగ్గురి ఇంటిపేర్ల వర్ణక్రమమూ వేర్వేరు. స్కాట్లాండ్ దీపస్తంభాల ఇంజినీరు రాబర్ట్ స్టీవెన్సన్ (1772–1850), ఇంగ్లండ్ రైల్వే ఇంజినీరు రాబర్ట్ స్టీఫెన్సన్ (1803–1859) కూడా తెలుగులో తరచుగా ఒకే అక్షరాల్లో కలిసిపోతారు. ఇద్దరూ ఇంజినీర్లే కాబట్టి వృత్తి కూడా కాపాడదు. కాబట్టి మూలంలోని ఇంగ్లీషు వర్ణక్రమాన్ని మీ సొంత నోట్సులో తప్పకుండా ఉంచుకోండి. వెతికేటప్పుడు మాత్రం మెకంజీ, మెకెంజీ, మెకంజి, మాకెంజీ అన్నీ వెతకాలి. ఇంగ్లీషులో కూడా ఇంటిపేరు ముందుండే "మాక్"ను పూర్తిగానో పొట్టిగానో రాయడం గుమాస్తా అలవాటును బట్టి ఉండేది. దాన్ని పట్టి వేరే కుటుంబమని అనుకోకండి.

స్కాట్లాండ్ పాత భాష గేలిక్ మాట్లాడే హైలాండ్స్ (ఉత్తరాది కొండసీమ) మనిషికి రెండు పేర్లు ఉండటం మామూలు. ఇంట్లో అలస్డెయిర్, చర్చి పుస్తకంలో అలెగ్జాండర్. ఇంట్లో కాలెన్, సైన్యంలో కాలిన్. డోనల్డ్ అన్నవాడు డేనియల్‌గా, పాట్రిక్ అన్నవాడు పీటర్‌గా నమోదై ఉండొచ్చు. శాండీ అంటే అలెగ్జాండర్, జాక్ అంటే జాన్.

రెండో అడుగు: అభ్యర్థుల జాబితా, మరణ సంవత్సరంతో కోత

ఆ పేరున్న ప్రముఖులందరినీ ఒక జాబితాగా రాయండి. జీవిత చరిత్ర నిఘంటువులు, వికీపీడియా అయోమయ నివృత్తి పేజీ, గ్రంథాలయాల రచయితల సూచికలు చాలు. తర్వాత పుట్టిన సంవత్సరంతో కాకుండా చనిపోయిన సంవత్సరంతో మొదలుపెట్టండి. పద్దెనిమిదో శతాబ్దపు పుట్టుక తేదీలు వదులుగా ఉంటాయి. సర్వేయర్ మెకంజీకి 1753 అని కొందరు, 1754 అని కొందరు రాస్తారు. మరణం మాత్రం ఉద్యోగ రికార్డుల్లో, సమాధి మీద, వీలునామాలో మూడు చోట్ల పడుతుంది. 1855 నాటి బొల్లారం సంఘటనలో ఉన్న మెకంజీ 1821లో చనిపోయిన మనిషి కాలేడు. ఒక్క గీతతో సగం జాబితా పోతుంది.

అలెగ్జాండర్ మెకంజీ పేరుతో ఇది ఎలా పనిచేస్తుందో చూడండి. ఒకరు ఉత్తర అమెరికా అన్వేషకుడు (1764–1820), 1789లో మెకంజీ నది వెంట ఆర్కిటిక్ దాకా, 1793లో పసిఫిక్ దాకా వెళ్లినవాడు. ఇంకొకరు పెర్త్‌షైర్‌లోని లోగీరేట్‌లో పుట్టిన రాతి మేస్త్రీ (1822–1892), కెనడా రెండో ప్రధానమంత్రిగా 1873 నుంచి 1878 దాకా పనిచేసినవాడు. మూడో ఆయన ఎడింబరోలో పుట్టిన సంగీతకర్త (1847–1935). "కెనడా, అలెగ్జాండర్ మెకంజీ" అని మాత్రమే ఉన్న కాగితం మొదటి ఇద్దరికీ వర్తిస్తుంది. పక్కన 1820 తర్వాతి తేదీ ఉంటే మొదటాయన వెళ్లిపోతాడు. అన్నట్టు ఈ అన్వేషకుడు కూడా స్టోర్నోవే మనిషే. సర్వేయర్ కాలిన్‌దీ అదే ఊరు, అదే ఇంటిపేరు, వయసులో పదేళ్ల తేడా. కాబట్టి ఊరు, ఇంటిపేరు రెండూ కలిసినా మనిషి తేలడు.

ఆయుష్కాలాలు కలిసి ఉంటే ఈ కోత పనిచేయదు. సర్జన్ జాన్ హంటర్ (1728–1793), న్యూ సౌత్ వేల్స్ గవర్నరు జాన్ హంటర్ (1737–1821) ఇద్దరూ స్కాట్లాండ్‌లో పుట్టినవాళ్లే, ఒకే కాలం వాళ్లు. అక్కడ వృత్తి చూడాలి.

మూడో అడుగు: హోదా, బిరుదు

సైనిక రికార్డుల్లో అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ఇదే. 1780లో హైదర్ అలీ కర్ణాటకం మీదికి వచ్చినప్పుడు మద్రాసు సైన్యంలో ఇద్దరు మన్రోలు ఉన్నారు. ఒకరు సేనాపతి సర్ హెక్టర్ మన్రో, 1764లో బక్సర్ గెలిచిన మనిషి. రెండోవాడు ఆ ఏడాదే మద్రాసులో దిగిన కుర్ర క్యాడెట్ థామస్ మన్రో. ఇరవై ఏళ్ల తర్వాత దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, ఆపైన 1820 నుంచి గవర్నరు అయినవాడు ఈయనే. కాంచీపురం దగ్గర హైదర్ చేతిలో చిక్కిన కర్నల్ బెయిలీ దళాన్ని ఆదుకోలేకపోయిన "జనరల్ మన్రో" అంటే హెక్టర్. రాయలసీమలో ఇప్పటికీ మన్రో పేరు చెప్పుకుంటారు, పిల్లలకు మండ్రోలప్ప అని కూడా పెట్టుకున్నారు. అంత అభిమానం వల్లే ఆ ఇంటిపేరు కనిపించిన చోటల్లా థామస్ అని చదివేసే ప్రమాదం మనకు మరీ ఎక్కువ. తిరువాన్కూరు రెసిడెంటుగా, దివానుగా చేసిన జాన్ మన్రో (1778–1858) కూడా మద్రాసు సైన్యం మనిషే.

పద్ధతి ఇది: ప్రతి అభ్యర్థికీ ఏ ఏడాది ఏ హోదా వచ్చిందో వరసగా రాసుకోండి. మీ ఆధారంలోని తేదీకి, హోదాకి సరిపడేవాళ్లు ఎవరో చూడండి. అయితే ఆధారం సంఘటన జరిగినప్పుడు రాసిందా, తర్వాత రాసిందా అన్నది ముందు తేల్చుకోవాలి. తర్వాత రాసినవాళ్లు మనిషి చివరి హోదాను పాత సంఘటనలకు కూడా తగిలిస్తారు. సర్వేయర్‌ను "కర్నల్ మెకంజీ" అని 1790ల సంఘటనల్లో కూడా పిలవడం ఈ బాపతే.

"సర్" అన్న మాటతో ఇంకో చిక్కు. నైట్ బిరుదు మనిషితో పోతుంది, బేరనెట్ బిరుదు పెద్ద కొడుక్కి వస్తుంది. థామస్ మన్రోకు 1825లో బేరనెట్ బిరుదు ఇచ్చారు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో ఆయన పోయాక ఆ బిరుదు కొడుక్కి వెళ్లింది. ఆ కొడుకు పేరూ థామసే (1819–1901). కాబట్టి 1850 నాటి కాగితంలో బతికున్న "సర్ థామస్ మన్రో, బేరనెట్" కనిపిస్తే కంగారుపడక్కర్లేదు, గవర్నరు మరణ తేదీని అనుమానించక్కర్లేదు.

నాలుగో అడుగు: ఊరి పేరు, "ఆఫ్", "ఇన్"

స్కాట్లాండ్ వాళ్లు కూడా పేర్ల గందరగోళంతో విసిగే ఉంటారు. అందుకే భూమి పేరుతో మనిషిని గుర్తించేవారు. హెక్టర్ మన్రో ఆఫ్ నోవార్, మెకంజీ ఆఫ్ రెడ్‌కాజిల్. పాత స్కాట్లాండ్ దస్తావేజుల్లో "ఆఫ్" ఉంటే ఆ భూమికి యజమాని అని, "ఇన్" ఉంటే అక్కడ కౌలుకు ఉంటున్నవాడని అర్థం. ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరున్నా ఈ చిన్న మాట వాళ్లను విడదీస్తుంది. తెలుగులోకి తెచ్చేటప్పుడు రెండిటినీ "నోవార్ వాసి" అని మారిస్తే ఆ తేడా పోతుంది. పేరు పక్కన "యంగర్" అని ఉంటే వయసులో చిన్నవాడని మాత్రమే కాదు, తండ్రి బతికుండగా ఆ భూమికి వారసుడు అని. భూమి అమ్ముడుపోతే "ఆఫ్" కొత్త యజమానికి వెళ్తుంది, దాన్ని పట్టి రెండు కుటుంబాలను కలపకండి.

కొందరు తమను తామే ఇలా వేరు చేసుకున్నారు. మాంట్రోజ్‌లో పుట్టిన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ (1773–1858) పేరు బ్రౌనియన్ చలనం వల్ల మన పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంది. తర్వాతి తరంలో అదే పేరుతో వృక్షశాస్త్రంలోకి వచ్చిన కేత్‌నెస్ మనిషి (1842–1895) రాబర్ట్ బ్రౌన్ ఆఫ్ కాంప్‌స్టర్ అని రాసుకున్నాడు.

అయిదో అడుగు: తండ్రీ కొడుకులు ఒకే పేరుతో, ఒకే వృత్తిలో

ఇదే అన్నిటికంటే కష్టం. ఎడింబరో విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్ర ఆచార్య పదవి 1720 నుంచి 1846 దాకా ఒకే ఇంట్లో ఉంది. తాత, తండ్రి, మనవడు ముగ్గురూ అలెగ్జాండర్ మన్రోలే. అందుకే వాళ్లను లాటిన్ వరస సంఖ్యలతో ప్రైమస్ (1697–1767), సెకండస్ (1733–1817), టెర్షియస్ (1773–1859) అంటారు. మెదడులో మన వైద్య విద్యార్థులు చదివే మన్రో రంధ్రం సెకండస్ 1783లో వర్ణించింది. ఎడింబరోలో చదువుకున్న చార్లెస్ డార్విన్‌కు విసుగు పుట్టించిన పాఠాలు టెర్షియస్‌వి. "ఎడింబరో ఆచార్యుడు డాక్టర్ మన్రో" అని ఉంటే తేదీ చూడండి, ఆ తేదీ పదవి చేతులు మారే ఏళ్లలో పడితే పాఠం ఎవరు చెప్పారో ఇంకో ఆధారంతో తేల్చండి. తండ్రీ కొడుకులు కొన్నేళ్లు ఉమ్మడిగా పదవిలో ఉన్నారు కనుక తేదీ ఒక్కటే సరిపోదు.

బెల్ కుటుంబమూ ఇంతే. తాత అలెగ్జాండర్ బెల్ (1790–1865), తండ్రి అలెగ్జాండర్ మెల్విల్ బెల్ (1819–1905), టెలిఫోన్ అలెగ్జాండర్ గ్రాహం బెల్ (1847–1922). ముగ్గురికీ పని ఉచ్చారణతోనే, మాటతోనే. ఇక్కడ వెతికేవాళ్లు తరచూ దెబ్బతినే చోటు ఒకటుంది: "గ్రాహం" పుట్టుకతో వచ్చిన పేరు కాదు, పదకొండో పుట్టినరోజున చేరింది. 1847 నాటి నమోదుల్లో "గ్రాహం" కోసం వెతికితే ఏమీ దొరకదు.

వృక్షశాస్త్రంలో మొక్కకు ఆ పేరు పెట్టింది ఎవరో చెప్పే రచయిత పొట్టి గుర్తులు ఇలాంటి చోట ఎంతో మేలు. మన పెరటి బిళ్లగన్నేరు శాస్త్రీయ నామం చివర "జి.డాన్" అని ఉంటుంది. ఫోర్ఫార్‌కు చెందిన జార్జ్ డాన్‌లు ఇద్దరు, తండ్రి (1764–1814), కొడుకు (1798–1856), ఇద్దరూ వృక్షశాస్త్రజ్ఞులే. ఆ గుర్తు కొడుకుది. తమ్ముడు డేవిడ్‌ది "డి.డాన్". ఒక్కో గుర్తు ఒక్క మనిషికే ఇస్తారు, కనుక పేరు కన్నా దాన్నే నమ్మండి.

ఆరో అడుగు: రికార్డులు ఎక్కడ, ఏ లోపాలతో

స్కాట్లాండ్ వైపు చూడాల్సింది స్కాట్లాండ్స్‌పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు. సూచికలో వెతకడం ఉచితం, పేజీ బొమ్మ చూడాలంటే క్రెడిట్లు కొనాలి. 1855 జనవరి 1న ప్రభుత్వ నమోదు తప్పనిసరి అయింది. అంతకుముందువన్నీ చర్చి పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) పుస్తకాలు, వాటిలో ఖాళీలు మామూలే. డబ్బు ఖర్చు పెట్టేది ఒక్క కాగితం మీదే అయితే మరణ నమోదు మీద పెట్టండి. 1855 తర్వాత స్కాట్లాండ్‌లో పోయినవాళ్ల నమోదులో తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి పుట్టింటి పేరు ఉంటాయి. 1780లో పుట్టి 1856లో పోయిన మనిషికి బాప్టిజం నమోదు లేకపోయినా తల్లిదండ్రులు దొరుకుతారన్నమాట. మరణం గురించి వివరాలు చెప్పింది బిడ్డో పొరుగువాడో చూడండి, పొరుగువాడైతే తల్లి పేరు తప్పే అవకాశం ఉంది. స్కాట్లాండ్ రికార్డుల్లో ఆడవాళ్లు పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరుతో కనిపిస్తారు. ఒకే పేరున్న ఇద్దరు మగవాళ్లను భార్య పుట్టింటి పేరుతో విడదీయడం అన్నిటికన్నా గట్టి పద్ధతి.

1841 జనాభా లెక్కల్లో పదిహేను దాటినవాళ్ల వయసును అయిదు గుణిజానికి కిందికి దించి రాయమన్నారు. 29 ఏళ్ల మనిషి 25గా కనిపిస్తాడు. పుట్టిన పారిష్ 1851 నుంచే ఉంటుంది.

తేదీల్లో ఇంకో గుంట. స్కాట్లాండ్‌లో 1600 నుంచే కొత్త ఏడాది జనవరి 1న మొదలైంది, ఇంగ్లండ్‌లో 1752 దాకా మార్చి 25న మొదలయ్యేది. స్కాట్లాండ్ పుస్తకంలో 1700 ఫిబ్రవరి 10 అని ఉన్న రోజు ఇంగ్లండ్ పుస్తకంలో 1699 ఫిబ్రవరి 10. ఏడాది తేడా చూసి ఇద్దరు మనుషులని తేల్చేయకండి.

భారతదేశం వైపు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డులు ముఖ్యం. బాప్టిజం, పెళ్లి, సమాధి నమోదుల్లో ఎన్/1 బెంగాల్, ఎన్/2 మద్రాసు, ఎన్/3 బొంబాయి. కంపెనీ సైన్యంలో చేరిన క్యాడెట్ల దరఖాస్తులు ఎల్/మిల్/9 వరసలో 1789 నుంచి ఉన్నాయి. వాటికి సాధారణంగా బాప్టిజం పత్రం నకలు జతచేసి ఉంటుంది, అంటే పుట్టిన పారిష్, తల్లిదండ్రులు ఒకే చోట. 1825లో చేరిన కాలిన్ మెకంజీకి ఈ దారి ఉంది, 1783లో వచ్చిన సర్వేయర్‌కు లేదు. భారతదేశంలోని బ్రిటిష్ కుటుంబాల సంఘం ఫిబిస్ సూచికలో ఉచితంగా వెతకొచ్చు. హైదరాబాదు రెసిడెన్సీ కాగితాలకు ఢిల్లీ జాతీయ అభిలేఖాగారం, మద్రాసు ప్రభుత్వ కాగితాలకు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు అభిలేఖాగారం.

ఎదురు తప్పు: ఒక్కరిని ఇద్దరిగా చీల్చడం

విడదీయడం అలవాటైన చెయ్యి అనవసరంగా కూడా కోస్తుంది. 1800–01లో మైసూరు, మలబారు ప్రాంతాల్లో తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్, వృక్షశాస్త్రంలో కనిపించే బుకానన్-హామిల్టన్ ఒక్కరే. తర్వాతి కాలంలో తల్లి ఇంటిపేరు చేర్చుకున్నాడు. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1734లో తన ఇంటిపేరు వర్ణక్రమం మార్చుకున్నాడు, అతని కుటుంబం పాత రూపంలోనే రాసుకుంది. థామస్ మన్రోకు గుత్తిలో సమాధి, మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో సమాధి రెండూ కనిపిస్తాయి. ముందు గుత్తిలో పూడ్చి తర్వాత అవశేషాలను మద్రాసుకు తరలించారు. అందువల్ల, పేరు తేడా గానీ సమాధి తేడా గానీ ఒక్కటే ఉంటే చీల్చకండి. ఒకే రోజున రెండు దూరపు చోట్ల ఉన్నట్టు, లేదా ఇద్దరు వేర్వేరు తండ్రులు ఉన్నట్టు తేలితేనే ఇద్దరని రాయండి.

ఏడో అడుగు: "స్కాట్లాండ్ మూలాలు" నిజంగా ఉన్నాయా

ఇంటిపేరు చూసి ఈ మాట రాయకూడదు. స్కాట్లాండ్‌లో బ్రౌన్‌లు కోకొల్లలు, కానీ మన సి.పి. బ్రౌన్ తండ్రి యార్క్‌షైర్ మనిషి. మూడు రకాలను వేర్వేరుగా రాయండి: స్కాట్లాండ్‌లో పుట్టినవాళ్లు, స్కాట్లాండ్ తల్లిదండ్రులకు బయట పుట్టినవాళ్లు, పూర్వీకుల్లో ఎవరో అక్కడివారైనవాళ్లు. అమెరికా అధ్యక్షుడు జేమ్స్ మన్రో (1758–1831) మూడో రకం, 17వ శతాబ్దంలో వర్జీనియాకు వెళ్లిన మన్రో వంశంవాడు.

కెనడాలో ఇద్దరు జాన్ మెక్‌డొనాల్డ్‌లు ఈ తేడాను బాగా చూపిస్తారు. 1867లో ఒకరు కెనడా తొలి ప్రధాని, ఇంకొకరు ఒంటారియో తొలి ప్రీమియర్ (ప్రావిన్స్ ప్రభుత్వాధినేత). అంతకుముందు పాత కెనడా ప్రావిన్స్‌కు ఇద్దరూ ప్రీమియర్లుగా చేశారు. జాన్ ఎ. (1815–1891) గ్లాస్గోలో పుట్టాడు, జాన్ శాండ్‌ఫీల్డ్ (1812–1872) అప్పర్ కెనడాలోనే. ఆ రోజుల్లోనే జనం "జాన్ ఎ." అని, "శాండ్‌ఫీల్డ్" అని పిలుచుకునేవారు, మీరూ అలాగే రాయొచ్చు.

రాసేటప్పుడు

పేజీ పేరులో బ్రాకెట్ గుర్తింపుకు మొదట వృత్తి వాడండి: అలెగ్జాండర్ మెకంజీ (అన్వేషకుడు), అలెగ్జాండర్ మెకంజీ (సంగీతకర్త). వృత్తి కలిస్తే జనన సంవత్సరం. కాలిన్ మెకంజీలకు "సైనికాధికారి" అన్నది ఇద్దరికీ సరిపోతుంది కాబట్టి ఒకరికి సర్వేయర్ అని, మరొకరికి జననం 1806 అని పెట్టాలి. మొదటి వాక్యంలో పుట్టిన ఊరు, ఆయుష్కాలం, ఒక పదవి, ఒక బంధువు పేరు ఉండేట్టు రాయండి. పేజీ పైన "ఈ పేరుతో ఇంకొకరు" అన్న లింకు రెండు వైపులా పెట్టాలి, ఒకవైపే పెట్టి వదిలేస్తే రెండో పేజీకి నేరుగా వచ్చిన పాఠకుడికి ఏమీ తెలియదు. ఫొటో గానీ చిత్రపటం గానీ ఎక్కించేముందు చిత్రకారుడి ఆయుష్కాలం చూడండి. మనిషి పోయాక పుట్టిన చిత్రకారుడు గీశాడంటే ఆ బొమ్మ ఎవరిదో మళ్లీ మొదటి నుంచి వెతకాలి. తేలని ఆధారాన్ని బలవంతంగా ఎవరికో అంటగట్టకుండా "కర్నల్ మెకంజీ (ఎవరో తేలలేదు)" అని జాబితాలో అలాగే ఉంచండి.